చెంప కింద తోలు

"ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. సరే మేస్త్రీ, ఒకోసారి మద్దెల నిజంగానే ఓడై ఉంటే? అది ఎట్ల తెలిసేది?" అని అడిగాడు ఓబులేశు. ఆ ప్రశ్నలో సగం ఎత్తిపొడుపే. ఎదురుగా కూర్చున్న మనిషి వినాలనే అన్నాడు.

కడపలో లైసెన్సు తుపాకులు బాగుచేసే ఖాదర్‌వలీ మేస్త్రీకి, శిష్యుడు ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. చేతిలో పని ఉంటే దాన్నే చూపిస్తాడు. లేకపోతే పని వచ్చేదాకా ఆగమంటాడు. ఆ రోజు ఆ పని బెంచీకి ఎదురుగానే కూర్చుని ఉంది.

ఆమె కానిస్టేబులు చౌడేశ్వరి. రైఫిల్ పోటీలకు జిల్లా జట్టును ఆదివారం ఎంపిక చేస్తారు. వయసు లెక్కన ఆమెకు ఇదే ఆఖరు అవకాశం. రెండేళ్ళుగా ఆమె కాల్చే గుండ్లు గురికి ఒకసారి పైన, ఒకసారి కింద పడుతున్నాయి. "నీ మెడ నిలవడం లేదు" అని క్లబ్బులో అందరూ చెప్పారు, ఆమె నమ్మింది. రోజూ తెల్లవారుజామునే లేచి, ఖాళీ తుపాకి పట్టుకుని గంటసేపు మెడ నిలిపే సాధన చేసింది. మెడ పట్టేస్తే కట్టు కట్టుకుని మరీ చేసింది. ఉత్త మొండిఘటం.

ఓబులేశు తన వంతు చూడాల్సింది చూశాడు. ఇనుమును కొయ్యకు పట్టి ఉంచే మరలు బిగించాడు. గొట్టం కింద కాగితం జరిపి, కొయ్య ఎక్కడా ఒరుసుకోవడం లేదని తేల్చుకున్నాడు. తుపాకి పట్టుకోమని, గురి చూసే సైటు కంటికి కుదిరిందా అని ఆమెను మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ కుదిరిందనే చెప్పింది. ఇక లోపం ఎవరిదో అతనికి అనుమానం లేకపోయింది.

"మీ శిష్యుడు చెప్పింది నిజమే మేస్త్రీ. నాదే లోపం. తుపాకి ఇచ్చేయండి, పోయి ఇంకా గట్టిగా సాధన చేసుకుంటా" అంది చౌడేశ్వరి.

మేస్త్రీ బోల్టు వెనక్కి లాగి, లోపల గుండు లేదని రెండుసార్లు చూసుకుని తుపాకి ఆమెకు ఇచ్చాడు.

"కండ్లు మూసుకో తల్లీ. మూసుకునే భుజానికెత్తు. చెంప యాడ సుఖంగా ఆనితే ఆడ ఆనించు. ఇప్పుడు కదలకుండా కండ్లు తెరువు."

తెరిచీ తెరవగానే ఆమె మెడ పైకి లేవబోయింది.

"సర్దుకోవద్దు!" అని కసిరాడు మేస్త్రీ. "ఏం కనపడుతుందో అది చెప్పు."

ఆమె గొంతు మారిపోయింది. "సైటు కన్నం పైనుంది మేస్త్రీ. నాకు దాని కింది ఇనుమే కనపడుతోంది."

కొయ్య మీద చెంప ఆనే చోటు ఆమె ముఖానికి పల్లంగా ఉంది. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ ఆ లోటును ఆమె మెడే పూడుస్తూ వచ్చింది, ఒక్కోసారి ఒక్కో కొలతలో. గుండ్లు పైకీ కిందికీ పోయింది అందుకే. అంత శ్రద్ధ లేని మనిషైతే మొదటి రోజే విసుక్కుని తుపాకిని తిట్టి ఉండేది.

ఓబులేశు తల వంచుకుని తోలు కత్తిరించాడు. చెంప ఆనే చోట ఒక పట్టీ అంటించి, మళ్ళీ కళ్ళు మూయించి తెరిపించారు. చాలలేదు. దానిపై రెండోది వేశారు. మూడోదానికి, తెరిచిన కంటికి సైటు కన్నం సరిగ్గా ఎదురైంది. నమ్మలేక ఆమె పదిసార్లు ఎత్తి చూసుకుంది. పదిసార్లూ అంతే.

ఆమెకు సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది. "రెండేండ్లు మేస్త్రీ! రెండేండ్లు నా మెడనే తిట్టుకుంటి" అని కళ్ళు తుడుచుకుంది.

ఓబులేశుకు సిగ్గేసింది. "నోరు జారినానక్కా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. ఆమెను ఎలాగైనా ఊరడించాలని, "ఇంక చూడు, ఒక్క గుండు కూడా పక్కకు పోదు" అన్నాడు.

మేస్త్రీ తుపాకిని సంచిలో పెట్టి ఆమె చేతికి అందించాడు.

"ఎందుకు పోదు? పోతుంది. ఈసారి పోతే మాత్రం ఆ లోపం నీ సొంతం తల్లీ. పో, సాధన చేసుకో."