తెర వెనక గిన్నె

పూర్వం విరజాపురంలో ఒక పందేల బాట ఉండేది. సరదాకి గుర్రాలు తోలుకునే బండివాళ్లూ అక్కడికి వచ్చేవారు. దళపతి భీమవర్మకు అది గిట్టలేదు. అడుగున చిల్లున్న వెండి గిన్నెను నీళ్లలో వదిలి, అది మునిగేలోగా చుట్టు ముగించలేనివాడు మళ్లీ బాట తొక్కకూడదని శాసనం చేయించాడు. గిన్నె దగ్గర తనే కూర్చున్నాడు. ఆ గిన్నె అతని అల్లుడు తోలితే తీరిగ్గానూ, బండివాళ్లు తోలితే గబుక్కునా మునిగేది.

ఉప్పు బండి తోలే గవరయ్యకు ఒళ్లు మండింది. తిన్నగా రాజు ముందుకు వెళ్లి, గిన్నె అందరికీ ఒకేలా మునగడం లేదని మొరపెట్టుకున్నాడు.

"వెండిది వద్దంటే ఏ గిన్నె పెట్టమంటావు? రాగిదా, మట్టిదా?" అన్నాడు రాజు.

"వెండిదే ఉండనివ్వండి ప్రభూ. గిన్నెకీ బాటకీ నడుమ తెర కట్టించండి. గుర్రం కదిలినప్పుడొక డప్పు దెబ్బ, చుట్టు ముగిశాక ఒకటి వినిపిస్తే చాలు."

"కుదరదు," అంటూ లేచాడు భీమవర్మ. "వచ్చేది ఎవరి గుర్రమో తెలియకుండా నేను కాలం ఎలా కొలిచేది?"



"నీళ్లకు తెలియక్కర్లేనిది మీకెందుకు దొరా?" అన్నాడు గవరయ్య, అతని కళ్లలోకి చూస్తూ.

రాజు తెర కట్టించాడు. గవరయ్య చుట్టు ముగించేసరికి గిన్నె సగమే నిండింది. అల్లుడుగారు ఇంకా మలుపు దగ్గరుండగానే అది మునిగిపోయింది.

"ఇతన్ని వెళ్లగొట్టమంటావా?" అన్నాడు రాజు.

"శాసనాన్ని వెళ్లగొట్టండి ప్రభూ. అల్లుడుగారు కూడా మాతోపాటు సరదాకి తోలుకుంటారు."