చెప్పులు విప్పిన చోటు

ఇమాంసాకు చనిపోయిన భార్యను మరిచిపోవాలని ఉండేది. అందుకే ఫకీరు బడేసా తాత దగ్గర శిష్యుడిగా చేరాడు.

ఆమెను కృష్ణ అవతలి ఒడ్డున మట్టిలో పెట్టి, వెంటనే నల్లమల దాటి ఇవతలికి వచ్చేశాడు. మళ్లీ ఆ దిక్కుకు పోలేదు. తాత కొట్టంలో నీళ్లు మోశాడు, పొయ్యి ఊదాడు, నమాజు గాని ఉపవాసం గాని ఒక్కటీ తప్పలేదు. అయినా తెల్లవారి మెలకువ వచ్చీ రాకముందే పక్కన చెయ్యి వేసి తడుముకునేవాడు. ఉత్త చాప తగిలేది.

"తాతా, ఈ బెంగ ఎప్పుడు పోతుంది?" అని అడిగేవాడు.

"పొయ్యి మీద అన్నం చూడు, అడుగంటుతాంది" అనేవాడు తాత. నిజంగానే అడుగంటుతూ ఉండేది.

ఒకరోజు తెల్లవారి తాత తనే సైకిలు తుడుస్తూ కనిపించాడు. ఏటా తన గురువు దర్గాకు ఒక్కడే పోయి వచ్చేవాడు. ఈసారి మోకాళ్లు మొరాయించాయి.

"కొండ దాటల్ల, కృష్ణ కాడికి పోవల్ల. తొక్కుతావా ఇమామూ?"

ఆ దిక్కనగానే ఇమాంసా గుండె జంకింది. కానీ ఆశ అంతకంటే పెద్దది. గురువు వల్ల కానిది గురువుకు గురువు తీర్చడా? ఆ దర్గాలో మొక్కుకుంటే ఇక బెంగ ఉండదనుకున్నాడు. ఊళ్లోకి పరుగెత్తి సమాధి మీద కప్పే పూల చాదర్ కట్టించాడు, తడిగుడ్డలో చుట్టి హ్యాండిలుకు తగిలించుకున్నాడు.

నల్లమల సైకిలుకు లొంగే కొండ కాదు. ఎక్కుడంతా దిగి తోసుకుంటూ నడిచారు. తాత వెనక నుంచి క్యారియరు నెడుతున్నాననేవాడు గాని, నిజానికి దాన్ని పట్టుకుని వేలాడేవాడు. దిగుడులో బ్రేకులు పట్టలేదు. ఇమాంసా చెప్పుకాలు టైరుకు ఆనించి ఆపుకుంటూ వచ్చాడు. వాగు కనబడిన చోటల్లా ఆగి పూల మీద నీళ్లు చల్లాడు.

"పూల కంటే నువ్వే ఎక్కువ వాడిపోయినావు. నీ మీద కూడా చల్లుకో" అన్నాడు తాత.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి కృష్ణ ఒడ్డు చేరారు. రెండు పక్కలా కొండలు, నడుమ నిండుగా నీళ్లు. లింగమయ్య అనే బెస్తాయన బుట్టలాంటి గుండ్రటి పడవ, పుట్టి, తెచ్చాడు. సైకిలును అందులో పడుకోబెట్టి ముగ్గురూ కూర్చున్నారు.

ఇమాంసా అవతలి ఒడ్డున దర్గా జెండా కోసం వెతికాడు. అది కనబడలేదు. గుట్ట పక్కన చింతచెట్లు కనబడ్డాయి. ఆమెను పెట్టింది ఆ చెట్ల కిందే. గబుక్కున తల తిప్పేసుకున్నాడు.

ఏటి నడుమకు వచ్చాక, ఎవరూ చెప్పకుండానే లింగమయ్య తెడ్డు ఎత్తేశాడు. తాత తలకు తువ్వాలు చుట్టుకుని చెప్పులు విప్పాడు.

"తడిసినాయా తాతా?"

"నువ్వూ ఇప్పు."

పుట్టిలో చెప్పులు విప్పడమేమిటని ఇమాంసాకు నవ్వొచ్చింది. లింగమయ్య కూడా నవ్వుతాడేమోనని అతని వైపు చూశాడు. లింగమయ్య అప్పటికే చేతులు జోడించి ఉన్నాడు.

"డ్యాము కట్టినప్పుడు ఊరితో పాటు దర్గా గూడా మునిగింది" అన్నాడు తాత. "ఎండాకాలంలో గూడా బయటపడదు. శానా లోతు."

ఇమాంసా గమ్మున చెప్పులు విప్పాడు.

తాత పూల చాదర్ విప్పి నీళ్ల మీద పరిచాడు. అది మునగలేదు, నిలవనూ లేదు. మెల్లగా పక్కకు జరిగిపోయింది. తాత మణికట్టు దాకా చెయ్యి నీళ్లలో పెట్టి, చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఆ చెయ్యి కళ్లకు అద్దుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

తాత ఏడవడం ఇమాంసా ఎన్నడూ చూడలేదు. ముందు భయం వేసింది. తర్వాత కోపం వచ్చింది. ఈయనకే పోనిది నాకెలా పోతుంది?

"నీకే పోలేదా తాతా?"

"అది పోతే" అన్నాడు తాత, "ఈ కొండ నన్ను దాటించేదెవరు నాయనా?"

కాసేపటికి లింగమయ్య, ఏటా చేసేటట్టే, పుట్టిని వచ్చిన ఒడ్డుకు మళ్లించబోయాడు.

"తిప్పొద్దన్నా" అన్నాడు ఇమాంసా. "అద్దరికి పోనీ."

లింగమయ్య తాత వైపు చూశాడు. తాత నీళ్లకేసి చూస్తున్నాడు.

"అద్దరిన నీకెవరున్నారప్పా?" అని లింగమయ్యే అడిగాడు.

ఇమాంసా చింతచెట్ల వైపు తిరిగి కూర్చున్నాడు.

"మా కాశింబీ ఉండాది."