పల్లకి ఎక్కిన పింగాణీ కూజా

అనగనగనగా, ఉప్పుగాలి కొట్టే ఒక ఊళ్ళో నూకాలమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. కొడుకు పోలయ్య. దూరాన లంగరు వేసిన ఓడల నుంచి సరుకు పడవలో ఒడ్డుకు చేర్చడం వాడి పని.

ఒకనాడు పోలయ్యకి ఒక పాప పుట్టింది. పాపం, బాలింతగా ఉన్న వాడి పెళ్ళానికి జ్వరం, పాలు పడలేదు. నూకాలమ్మ మేకపాలు కాచి, దూదివత్తి ముంచి పెదాలకి పెట్టింది. పాప ఉమ్మేసింది. ఆ తర్వాత ఉగ్గుగిన్నెతో పోసింది. పొరబోయి ముఖమంతా కందిపోయింది. పొద్దు వాలేసరికి ఏడ్చే ఓపిక కూడా లేదు ఆ పసిగుడ్డుకి.

అదే వేళకి పోలయ్య ఒక గడ్డిబుట్టని గుండెకి హత్తుకుని వచ్చాడు.

"అమ్మా, చీనా ఓడలో వచ్చిన రాజుగారి సొమ్మిది. రేపు కోటకి చేర్చాలి. ముట్టుకున్నావో, నా మెడ మీద తల ఉండదు!"

ముట్టుకోవద్దంటే ముసలమ్మ ఊరుకుంటుందా? గడ్డి తీసి చూసింది. అబ్బ, ఏం చెప్పను బంగారం! వాన వెలిశాక మబ్బుల సందులో తొంగిచూస్తుందే, ఆ లేతనీలం! పింగాణీ కూజా! బొద్దుగా బొజ్జ, పోసే కొమ్మేమో పిచ్చుక ముక్కంత సన్నం.

ఆ కొమ్ము చూసింది, పాపని చూసింది. గోరువెచ్చని పాలు కూజాలో పోసేసింది.

"అమ్మా! నన్ను చంపేస్తావా?"

"నోర్ముయ్యరా! నీ మెడ సంగతి రేపు చూద్దాం. దీని ప్రాణం ఇవాళ్టిది."

కూజా వంచింది. చుక్క... చుక్క... చుక్క. పాప చప్పరించింది! వాలే ఎండ కూజాలోంచి దూరి, లోపల పాలు తగ్గడం బయటికే కనిపించింది. గాజులాంటి ఆ నీలాన్ని చూస్తూ తల్లీకొడుకులు కూర్చున్నారు.

మర్నాడు కొడుకుతో పాటు కోటకి వెళ్ళి, నూకాలమ్మ రాజుగారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పక్కనున్న దివాను ఎగిరిపడ్డాడు.

"ఎంగిలి చేశావా! ప్రభూ, ఇక ఇది మీకు పనికిరాదు. పగలగొట్టించండి!"

రాజుగారు కూజా అందుకున్నారు. నీళ్ళు పోయించి, కొమ్ము కింద దోసిలి పట్టి గడగడా తాగేశారు.

"పాలపిల్లకి ఎంగిలేమిటయ్యా?" అన్నారు. "అవ్వా, ఇది నా దగ్గర దాచి ఉంచుతాను. పాలు తాగని బిడ్డ ఏ ఇంట ఉన్నా కబురు పెట్టండి, కూజా ఆ ఇంటికి వస్తుంది."

ఆ తర్వాత పాప బొద్దుగా ఎదిగింది, తల్లీ కోలుకుంది. ఇక ఆ ఊరి ఇసకదారిలో రాజుగారి పల్లకి కనబడితే జనం పక్కకి తప్పుకుని చేతులు జోడించేవారు. లోపల రాజుగారు ఉండేవారు కాదు. పట్టుపరుపు మీద, లేతనీలంగా, కూజా ఒక్కటే కూర్చుని ఉండేది. రాజుగారేమో పక్కన నడిచి వచ్చేవారు!

కథేమో కంచికి,
కూజా కోటింటికి,
కునుకేమో మా బంగారు కంటికి!