అవ్వ పుల్ల ఆగిన వరుస

ఓబులేశుకు నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. తిప్పమ్మవ్వ ఆశ్రమంలో ఉన్న పాత ల్యాప్‌టాప్ గాలిలో వచ్చే నెట్‌ను అందుకోవడం లేదు. అంజినమ్మ ముఖం చూడాలంటే అతనికి భయంగా ఉంది.

అంజినమ్మ ఆశ్రమంలో పెరిగిన పిల్ల. నర్సు చదువుకు దరఖాస్తు పంపాలి. సోమవారం పొద్దున ఆ పనికే పెనుకొండ బస్సెక్కుతుంటే ఓబులేశే ఆపాడు.

"నెట్ సెంటరు దాకా ఎందుకమ్మా పోయేది? ఎదురు గుట్ట మీది బడికి నెట్ వచ్చింది, గాలిలో ఇక్కడిదాకా అందుతుంది. హెడ్మాస్టరు మనల్నీ వాడుకొమ్మన్నాడు. గంటలో మన ల్యాప్‌టాప్‌కు తెప్పిస్తా, చూస్తా ఉండు."

బెంగళూరులో ఏడేళ్లు కంప్యూటర్ల పని చేసి, అవ్వ దగ్గర నాలుగు మంచి మాటలు నేర్చుకుందామని వచ్చినవాడు. అతని మాట నమ్మి ఆ పిల్ల బస్సు దిగింది.

ఆ రాత్రే వాన పట్టుకుంది. తెల్లారేసరికి వంక పొంగి దారి తెగింది. బస్సు లేదు, ఎదురు గుట్టకు నడిచిపోయే వీలూ లేదు. ఆశ్రమంలో అందరివీ నెట్ అందుకోలేని చిన్న బటన్ల ఫోన్లే, వాటికి అక్కడ మామూలు రోజుల్లోనే సిగ్నల్ ఉండదు. దరఖాస్తుకు గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. శుక్రవారం రానే వచ్చింది, మధ్యాహ్నం భోజనాలూ అయిపోయాయి.

ల్యాప్‌టాప్ ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిపోయింది. దాన్ని నడిపించేది పన్నెండేళ్ల కిందటి లినక్స్. చేసినవాళ్లు ఆ విద్యను దాచుకోకుండా, ఎవరైనా విప్పి చూసుకోండి, బాగుచేసుకోండి, పదిమందికీ పంచండి అని లోకానికి వదిలేశారట. అట్లాంటి మనుషులూ ఉంటారు! కాకపోతే పాతబడ్డాక దాని బాగోగులు చూసేవాళ్లు కరువైపోయారు.

నెట్‌ను పట్టుకునే వైర్‌లెస్ కార్డు దాని పొట్టలోనే ఉంది. ఇన్నాళ్లూ ఎవరికీ దానితో పని పడలేదంతే. కార్డు మాట సిస్టంకు అర్థం కావాలంటే నడుమ డ్రైవర్ అని ఒక దుబాసీ ఉండాలి. పాత సిస్టంలో ఉన్న డ్రైవర్ చెడిపోయిందని ఓబులేశు మొదటి రోజే తేల్చేశాడు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న డ్రైవర్లు పదకొండు. ఒక్కటొక్కటే పెట్టి చూశాడు. పదకొండూ అయిపోయాయి.

తిప్పమ్మవ్వ వచ్చి పక్కన చాప మీద కూర్చుంది. గడప దగ్గర అంజినమ్మ సర్టిఫికెట్ల కవరు ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఈ ముసలి సిస్టంకు బుద్ధి లేదవ్వా" అన్నాడు ఓబులేశు.

"ముసలిదాన్ని పక్కన పెట్టుకోనే అంటాండావే!" అని నవ్వింది అవ్వ. "అయితే ఏమంటాంది అది?"

"ఏమీ అనడం లేదు."

"మూగదా?"

"మూగది కాదు. లేచినప్పటి నుంచి ఏమేం చేసిందో అన్నీ వరుసగా రాసుకుంటుంది. ఏడెనిమిది వందల వరుసలుంటాయి. అంతా ఎవరు చదువుతారు? ఎర్రర్ అన్న మాట ఉన్న వరుసలే చూపించమని అడిగాను. ఒక్కటీ లేదంది."

"ఇంటికొచ్చిన మనిషిని కూర్చోబెట్టి, తప్పులుంటేనే చెప్పు, లేకుంటే నోరు మూసుకో అంటే ఏం చెప్తాడు నాయనా? మొత్తం తెరువు. విందాం."

"అవ్వా, మూడవుతోంది!"

"అవనీ."

అవ్వ చీపురులోంచి ఒక పుల్ల విరుచుకుంది. ఆమె అక్షరాలు దిద్దిందే అరవై దాటినాక. తెలుగు పట్టుబడ్డాక, ఆశ్రమం పిల్లలు ఇంగ్లీషు అక్షరాలూ నేర్పారు. అర్థం తెలియదు. కానీ ఎదురైన ప్రతి అక్షరాన్నీ, తెలిసినవాళ్లు కనబడ్డట్టు, పలకరించి పోతుంది.

"నువ్వు చదువు. నేను పుల్ల పెట్టుకుంటా వస్తా" అంది.

ఓబులేశు చదవడం మొదలుపెట్టాడు. గురువు మాట కాదనలేక చదివాడే కానీ కళ్లు గడియారం మీదే ఉన్నాయి. అవ్వ నడుమ నడుమ "మెల్లగా, మెల్లగా, నాకు అందాల" అంటోంది. వంద వరుసలైనాయి. రెండొందలైనాయి. గొంతు ఎండిపోయింది. నాలుగు కావస్తుండగా ఒక వరుస చదివి, దాని కింది వరుసకు పోయాడు, ఇంకో వరుసకూ పోయాడు.

పుల్ల కదల్లేదు.

"అవ్వా, మనం కిందికొచ్చేశాం."

"నువ్వొచ్చినావు. నేనింకా ఈడే ఉండా." పుల్ల మొనతో పైన చూపించింది. "కె... ఐ... ఎల్... మళ్ల ఇంకో ఎల్. ఇది మళ్ల చదువు."

ఓబులేశు నిట్టూర్చి వెనక్కి వచ్చాడు. "రేడియో కిల్ స్విచ్ ఆన్‌లో ఉంది. దాన్ని ఆపితేనే వైర్‌లెస్..."

తెర దగ్గరికి వంగి ఆ వరుసను మళ్లీ చూశాడు.

"కిల్ అంటే?" అడిగింది అవ్వ.

"చంపడం" అన్నాడు మెల్లగా. "కార్డును ఆపేసే మీట అవ్వా. అది వేసి ఉందని చెబుతోంది."

ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా పైకెత్తి, ముందు అంచు వేళ్లతో తడిమాడు. అడుగున బియ్యపుగింజంత మీట తగిలింది. పక్కకు జరిపాడు. కాసేపటికి తెర మీద ఎదురు గుట్ట బడి పేరు కనిపించింది.

దుబాసీ మొదటి నుంచీ ఉన్నాడు. బాగానే ఉన్నాడు. ఏం జరిగిందో ప్రతి రోజూ చెబుతూనే ఉన్నాడు.

అంజినమ్మ గడప దగ్గర నుంచి ఒక్క ఉరుకున వచ్చింది. ఆ పిల్ల చెబుతుంటే ఓబులేశు దరఖాస్తు నింపాడు. ఐదుకు పది నిమిషాలుందనగా పంపాడు.

"పోయిందా అన్నా?"

"పోయింది తల్లీ. అందిందని నంబరు కూడా వచ్చింది."

"మళ్లీ వెనక్కి రాదు కదా?"

"రాదు" అన్నాడు. అప్పుడు గానీ ఆ పిల్ల కవరు కింద పెట్టలేదు. ఉత్త కాళ్లతో వానలోకి పరుగెత్తి, అందరికీ చెప్పడానికి వంటింటి వైపు పోయింది.

ఓబులేశు పుల్ల ఆగిన వరుసను తెర మీద మళ్లీ తెరిచాడు. అవ్వ వైపు తిరిగి అడిగాడు.

"అవ్వా, ఆ వరుస నేను గట్టిగా చదివాను. నా నోటితో నేనే చదివాను. నాకెందుకు కనబడలేదు?"

అవ్వ మోకాళ్ల మీద చేతులూని లేచింది.

"నీకు చదువు వచ్చు నాయనా, చూస్తానే వరుసంతా తెలిసిపోతాది" అంది. "నాకు రాదు కదా, ఒక్కొక్క అక్షరాన్నీ నువ్వెవరని అడుక్కుంటా పోవాల."