ఎర్రగుట్ట మీదికి పీతల మూట

మొగలిపొదల వాగు గట్టున ముంగిస సూరమ్మ కాపురం. ఆకారం చిన్నదే గానీ, తాచుపాము ఎదురొచ్చినా పక్కకి తప్పుకునే రకం కాదు. అలాంటి సూరమ్మ, ఒక్కగానొక్క కొడుకు బుల్లోడు దండులో చేరడానికి ఎర్రగుట్టకు వెళ్ళిన రోజు నుంచీ, ఎండుటాకు కదిలినా వాడేనేమోనని గుమ్మంలోకి పరిగెడుతోంది. అలవాటుకొద్దీ ఇద్దరికి సరిపడా పీతలు పట్టుకొచ్చి, రెండో వాటా ముందు కూర్చుని ముక్కు చీదుకుంటోంది.

ఎర్రగుట్ట దండంటే ఆషామాషీ కాదు. వాగు పొడవునా గూళ్ళనీ గుడ్లనీ పాముల నుంచి కాపాడేది వాళ్ళే. శిక్షణ నలభై రోజులు. ఉస్తాదు ఎలుగుబంటి. ముళ్ళకంచె దాటి అడుగుపెట్టినవాళ్ళకి ముందు తోక బొచ్చు గొరిగేస్తారు, పేరు తర్వాత అడుగుతారు. మొదటి ఇరవై రోజులూ పిల్లలు ఇంటికి రాయకూడదు. ఇంటివాళ్ళు మాత్రం ఆకు మీద రాసి కాకి చేత పంపుకోవచ్చు. ఇరవయ్యో రోజు పొద్దున్నే, ఇక మావల్ల కాదనుకున్నవాళ్ళు ఎడమ వరుసలో నిలబడి ఇంటికి వెళ్ళిపోవచ్చు. అలా వెళ్ళినవాళ్ళని మళ్ళీ ఆ కంచె దరిదాపులకి రానివ్వరు.

బుల్లోడికి కళ్ళు తెరిచినప్పటి నుంచీ దండు పిచ్చే. వెళ్ళేముందు అమ్మని అడిగింది ఒక్కటే, రాస్తూ ఉండమని.

రాసేదే పాపం, నక్క నరసింగం అడ్డుపడకపోతే. మిగిలిపోతున్న పీతల వాసన వాడి ముక్కుకి తగిలింది. ఓదార్చే మొహం ఒకటి తగిలించుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఉత్తరమా అక్కా? పొరపాటున కూడా ఆ పని చెయ్యకు. నీ రాత చూస్తే పిల్లాడు బెంగెట్టుకుని ఎడమ వరుసలో నిలబడిపోడూ? వాడికి కావాల్సింది తిండి. నాకివ్వు, నేనందిస్తా."

"కంచె దాటనివ్వరంటగా తమ్ముడూ?"

"ఎవర్ని, నన్నా? ఆ ఎలుగుబంటీ నేనూ ఒకే పుట్టలో చెదలు తిని పెరిగినోళ్ళం."

సూరమ్మ నమ్మింది. ఏడుస్తూ కూర్చోవడం కంటే వండుతూ కూర్చోవడం ఏ తల్లికైనా తేలిక. ఒకరోజు పీతల పులుసు, ఒకరోజు ఎండురొయ్యల వేపుడు. నరసింగం మూట నోట కరుచుకుని గుట్ట వైపే బయల్దేరేవాడు. రెండు మలుపులు తిరిగాక ఓ పుట్ట చాటున చేరి, మూట విప్పి, ఆకు కూడా నాకేసి, కునుకు తీసి, సాయంత్రానికి కబుర్లతో దిగేవాడు. పిల్లాడు ఒళ్ళు చేశాడట, ఉస్తాదు భుజం తట్టాడట. పోనుపోను వంకలు కూడా మోసుకొచ్చాడు. పులుసులో ఉప్పు చాల్లేదట, రొయ్యలు కాస్త మాడాయట. సూరమ్మ పొంగిపోయేది. వంక పెట్టాడంటే ముమ్మాటికీ తన కొడుకే అనుకునేది.

పదహారో రోజున నరసింగం పెదాలు తడుపుకుంటూ వచ్చాడు. "అక్కా, పిల్లాడికి బాతుగుడ్ల కూర మీదికి మనసు పోయిందంట. ఓ డజను ఉడకేసి పంపమన్నాడు."

సూరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బుల్లోడికి బాతుగుడ్డు పడదు. చిన్నప్పుడు ఒకే ఒక్కటి తిని, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, మూడు రోజులు వాగులో పీకల్దాకా మునిగి కూర్చున్నాడు. అలాగే తమ్ముడూ అని నక్కని సాగనంపి, సూరమ్మ ఉత్తరాల కాకిని వెతుక్కుంటూ పరిగెత్తింది.

"నక్కా? ఇన్నాళ్ళలో గుట్ట మీద దాని తోక కూడా చూళ్ళేదు పిన్నీ నేను," అన్నాడు కాకి. తర్వాత గొంతు తగ్గించాడు. "రోజూ సాయంత్రం ఉత్తరాలకి పేర్లు పిలుస్తాం. అందరికంటే ముందొచ్చి నిలబడేది మీవాడే. ఆఖరి పేరు దాకా నిలబడి, ఉత్తి చేతుల్తో వెళ్ళిపోతాడు. ఎడమ వరుస ఎక్కడ మొదలవుద్దని నిన్న నన్నడిగాడు."

సూరమ్మకి నక్క మీద కోపం తర్వాత వచ్చింది. ముందు తన మీద తనకే వచ్చింది. కళ్ళు తుడుచుకుని, బాదమాకు ఒకటి లాగి గోటితో గీకింది. 'బుల్లోడా, రాయకపోవడం నాదే తప్పు. నేను బాగున్నాను. నీ పడక ఎవరికీ ఇవ్వలేదు. కాళ్ళు నొప్పులా? నీ మొదటి పాముకీ ఇలాగే నొప్పులన్నావు, ఆపైన దాన్ని గట్టంతా ఈడ్చుకుంటూ తిరిగావు. ఉంటావో వస్తావో నీ ఇష్టం. రోజూ రాస్తాను.' ఆ సాయంత్రానికే అందాలని కాకిని తరిమినంత పని చేసింది.

ఇక నక్క సంగతి. బాతుగుడ్లు పోగెయ్యడానికి నాలుగు రోజులు పడుతుందని నరసింగానికి చెప్పి, ఈలోగా వాగు వెంట ఉన్న దండు తల్లులందరికీ వాడి గొప్ప చాటి వచ్చింది. ఇరవయ్యో రోజు తెల్లవారేసరికి ఉడతమ్మ, కుందేలమ్మ, ముళ్ళపందమ్మ, అందరూ తలో మూటతో నక్క బొరియ ముందు హాజరు. నరసింగం కళ్ళు మెరిశాయి. మూటలు అక్కడ పెట్టి ఇళ్ళకి వెళ్ళమన్నాడు.

"ఇంత బరువు నువ్వొక్కడివే మోస్తావా తమ్ముడూ? కంచె దాకా మేమూ వస్తాం. నువ్వు దర్జాగా లోపలికెళ్తుంటే కళ్ళారా చూడాలని అందరికీ ముచ్చటగా ఉంది," అంది సూరమ్మ.

దారిలో వాడికి కడుపునొప్పి వచ్చింది, కాలు బెణికింది, దగ్గరి బంధువు పోయినట్టు కూడా గుర్తొచ్చింది. ఆగినప్పుడల్లా వెనక నడుస్తున్న ముళ్ళపందమ్మ ముళ్ళు గుచ్చుకునేవి, మళ్ళీ నడిచేవాడు.

కంచె వచ్చింది. ఒక్క అడుగు లోపల వేసి, ఉస్తాదు చెవిలో ఏదో ఊది వెనక్కి వచ్చేద్దామనుకున్నాడు నరసింగం. వేశాడు. ఎలుగుబంటి వాడి మొహం కూడా చూడలేదు. "తోక," అన్నాడు. రెండు కొండముచ్చులు వచ్చి, వాడు ప్రాణంగా చూసుకునే కుచ్చుతోకని అరనిమిషంలో తాటినార చేసి వదిలాయి.

"అయ్యా, నేను మూటలిచ్చి పోదామని..."

"మూటలు ఉమ్మడి వంటలోకి. నువ్వు గుట్ట చుట్టూ పరుగుకి."

తల్లులంతా కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. సూరమ్మ నవ్వలేదు. దాని చూపంతా ఎడమ వరుస మీదే ఉంది. అందులో ఒక కుందేలు పిల్ల, ఇద్దరు ఉడత కుర్రాళ్ళు. బుల్లోడు లేడు. కుడి వరుసలో ఉన్నాడు, చిక్కిపోయి, నల్లబడి, నిటారుగా. చెవి వెనక బాదమాకు దోపుకున్నాడు. అమ్మ వైపు తిరగలేదు, వరుసలో ఉండగా తిరగకూడదు. సూరమ్మ కూడా పిలవలేదు. దానికి ఆ ఆకు చాలింది.

ఒక్క చుట్టుకే నాలుక వేలాడేసుకుని వచ్చిన నరసింగం మెల్లగా ఎడమ వరుసలోకి దూరబోయాడు. ఎలుగుబంటి మెడ పట్టి ఇవతలికి లాగాడు. "ఇరవయ్యో రోజు వాళ్ళదిరా. నీకు మొదటి రోజు."

మర్నాడు బుల్లోడి తొలి ఉత్తరం వచ్చింది. నిండా పరుగులూ పొక్కులూనే. అడుగున ఒక ముక్క: 'నిన్న పేర్లు పిలిచేటప్పుడు నరసింగం మావయ్య కూడా ఆఖరి దాకా నిలబడ్డాడమ్మా, ఎవరూ రాయలేదు.'

సూరమ్మ ఇంకో ఆకు లాగింది. 'తమ్ముడూ, ఉమ్మడి వంటలో ఉప్పు సరిపోతోందా?'

నీతి: బిడ్డకి చెప్పుకోవాల్సిన మాట అమ్మే చెప్పుకోవాలి, పరాయి నోటికి అప్పగిస్తే దాన్ని కూడా దారిలోనే తినేస్తారు.