ప్రార్థన గంట లెక్క

వేదవతి గారు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. పాత విద్యార్థులందరికీ ఈ సంగతి తెలుసు. అయినా వచ్చి అడుగుతూనే ఉంటారు.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక పూర్ణచందర్ వచ్చాడు. ఒకప్పుడు ఆవిడ క్లాసులో ముందు బెంచీలో కూర్చునేవాడు, ఇప్పుడు మొదటిసారి గెలిచిన ఎమ్మెల్యే. ప్రభుత్వ బడుల నిధుల మీద సభలోకి కొత్త బిల్లు రాబోతోంది. దాని ప్రకారం ఏటా జూలైలో ఒక రోజున రాష్ట్రమంతటా బడికి వచ్చిన పిల్లల్ని లెక్కపెడతారు. ఆ రోజు ఏ బడిలో ఎంతమంది కనబడితే ఆ బడికి ఆ మేరకే నిధులు. బిల్లును సమర్థిస్తూ మాట్లాడే పని పార్టీ అతనికి అప్పగించింది.

"పిల్లలున్న చోటికి డబ్బు వెళ్తుంది, లేని చోటికి వెళ్లదు. ఇందులో తప్పేముంది మేడం? మీ మొహం చూస్తే మీకు నచ్చలేదనిపిస్తోంది."

"నా మొహం ఎప్పుడూ ఇంతే. గురువారం నాతో బడికి రా" అన్నారావిడ.

ప్రతి గురువారం ఆవిడ వాగు ఒడ్డునున్న ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లి పిల్లల చేత కథలు చదివిస్తారు. ఊరి పిల్లలు ప్రార్థన గంటకే వస్తారు. వాగు అవతల కోయగూడెం ఉంది. వాన పడితే అక్కడి పిల్లలు నీళ్లు తగ్గేదాకా ఆగి, రెండో పీరియడుకు చేరతారు.

ఆ గురువారం కూడా అలాగే వచ్చారు. అందరికంటే వెనక సమ్మక్క అనే పిల్ల, మోకాళ్ల దాకా తడిసిన గౌనుతో, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమ్మా, ఈదుకుంటూ వచ్చావా?" అన్నాడు పూర్ణచందర్.

"ఈదితే పుస్తకాలు తడుస్తయి సారూ. నడిచే వచ్చిన" అని చెప్పి, వెళ్లి వెనక వరసలో కూర్చుంది.

మధ్యాహ్నం పిల్లలంతా తిన్నాక కూడా గిన్నెలో అన్నం మిగిలింది. వంట చేసే ఉప్పలమ్మ దాన్ని గోడ అవతల గేదెల తొట్టిలో కుమ్మరించింది. పూర్ణచందర్‌కు ప్రాణం ఉసూరుమంది.

"రోజూ ఇంతేనా?"

"రిజిస్టరుల పేరున్నోళ్లందరికీ వండుతం సారూ. అందరూ రోజూ రారు గద" అంది ఉప్పలమ్మ.

హెడ్మాస్టరు యాకూబ్ పాషా చేతులు కట్టుకుని పక్కనే ఉన్నాడు. పూర్ణచందర్ అతనికి ఒక సలహా ఇచ్చాడు. ప్రార్థనలో నిలబడ్డ పిల్లల్ని లెక్కపెట్టి, ఆ లెక్కకే బియ్యం ఎసట్లో పోయించమన్నాడు. ఎమ్మెల్యే సలహా ఇస్తే బడిలో అది ఉత్తర్వే. యాకూబ్ పాషా సరేనన్నాడు. వేదవతి గారు ఏదో అంటారని పూర్ణచందర్ అటు చూశాడు. ఆవిడ చెప్పులు వేసుకుంటున్నారు.

"వచ్చే గురువారం కూడా రా" అన్నారు, అంతే.

మళ్లీ గురువారం వెళ్లేసరికి భోజనాలు అయిపోవచ్చాయి. పూర్ణచందర్ నేరుగా వంటశాలకు వెళ్లి గిన్నెలోకి తొంగిచూశాడు. అడుగు కనబడుతోంది. గేదెల తొట్టిలో కుడితి తప్ప మరేం లేదు.

"ఎట్లా ఉందమ్మా కొత్త పద్ధతి?"

ఉప్పలమ్మ గరిటె కడుగుతూ చెప్పింది. "మొదటి దినం సాలలే. గూడెం పోరలు వచ్చేసరికి గిన్నె ఒడిసింది, పళ్లాలు పట్టుకొని నిలబడ్డరు. మల్లొకసారి ఎసరు పెడ్తనంటే సారు వద్దన్నడు, ఎమ్మెల్యే మాటాయె. తెల్లారి గూడ కొంచెం తక్కువైంది. ఇప్పుడైతే సరిగ్గ సరిపోతున్నది."

"ఏ పద్ధతైనా కుదురుకోవడానికి కొంత టైం పడుతుంది" అన్నాడు పూర్ణచందర్. తర్వాత వేదవతి గారి వైపు తిరిగాడు. "చూశారా మేడం, ఒక్క మెతుకు వృథా కాలేదు, ఎవరికీ తక్కువా కాలేదు. సభలో ఈ బడి సంగతే చెబుతాను."

"చెప్పు. ముందు పిల్లల్ని కథ చదవమందాం" అన్నారావిడ.

తరగతిలో ఊరి పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. వేదవతి గారు పుస్తకం తీశారు. వెనక వరసలో ఎవరూ లేరు. చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. పూర్ణచందర్ గుమ్మం వైపు చూశాడు, తర్వాత కిటికీలోంచి వాగు వైపు చూశాడు. రెండ్రోజులుగా వాన లేదు, వాగులో నీళ్లు చీలమండల దాకా కూడా లేవు.

"సమ్మక్క రాలేదా?" అని యాకూబ్ పాషాను అడిగాడు.

"గూడెం పిల్లలు రావడం మానేశారు సార్. తల్లుల వెంట పత్తి చేలల్లో కలుపుకు పోతున్నారంట. కబురు పంపాను." పెద్దమనిషిని నొప్పించకూడదనుకున్నాడేమో, "అయితే సార్, ప్రార్థన లెక్కకూ భోజనం లెక్కకూ ఇప్పుడు తేడా రావట్లేదు" అన్నాడు.

పూర్ణచందర్ లేచి గుమ్మం దాకా వెళ్లి, అక్కడే నిలబడి అవతలి ఒడ్డు వైపు చూస్తున్నాడు.

వేదవతి గారు పుస్తకంలోంచి తలెత్తారు. "లెక్క సరిపోయింది కదా పూర్ణా, ఇంకా ఎవరి కోసం చూస్తున్నావు?"