పీరా టైర్లు ఎంచిన వేసవి

మా ఖాసింపీరాకు కారు టైర్లు ఏవి కొనాలో తేలడం లేదు. నవ్వకండి. ఇరవై రెండు రోజులుగా తేలడం లేదు.

వాడికి ఒక పాత తెల్ల కారు ఉంది. మంగళ, గురు, శనివారాలు సులోచనమ్మ టీచరును ఎమ్మిగనూరు నుంచి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోతాడు. డయాలసిస్ అయ్యాక మళ్ళీ తెచ్చి ఇంటి ముందర దించుతాడు. మూడో తరగతిలో వాడికి ఎక్కాలు నేర్పింది ఆమే. ఇప్పుడు రెండు మూత్రపిండాలూ పని చేయవు. ఒక్క పూట తప్పితే ఒళ్ళంతా నీరు పట్టేస్తుంది. పొద్దున్నే చల్లగా పోతారు గానీ తిరిగి వచ్చేది మిట్టమధ్యాహ్నం. మార్చి దాటితే మా రోడ్డు మీద చెప్పు కూడా అంటుకుంటుంది.

పోయిన ఏడు ఇట్లాంటి ఎండలోనే, కోడుమూరు దాటినాక ఒక జీపు టైరు పేలి పల్టీ కొట్టింది. వెనకే వస్తున్న పీరా దిగి మనుషుల్ని బయటికి లాగాడు. అందర్నీ లాగలేకపోయాడు. ఆ సంగతి వాడు ఇంతవరకు పూర్తిగా ఎవరికీ చెప్పలేదు.

వాడికి గురువు మా లాలప్ప తాత. తాత దూదేకులాయన. ఊళ్ళోకి మిషన్లు వచ్చి ఎన్నేళ్ళయినా ఆయన మాత్రం విల్లుతోనే దూది ఏకుతాడు. శుక్రవారం నమాజు అయ్యాక ఆ దూది ఏకే రేకుల షెడ్డులోనే నలుగురం కూర్చుంటాం. కష్టం చెప్పుకునేవాళ్ళు చెప్పుకుంటారు. పీరా ఆయన చేతిలో చెయ్యి పెట్టి శిష్యుడై తొమ్మిదేళ్ళయింది. నేను పరుపుల గలీబులు కుట్టేదాన్ని, ఉసేనమ్మను. అక్కడే ఉంటా కాబట్టి అన్నీ నా చెవిన పడతాయి, పడకూడనివి కూడా.

ఆ శుక్రవారం పీరా వచ్చి తాత ముందర నోటుబుక్కు పరిచాడు. గీతలు గీసి, గడులు కట్టి, మూడు రంగుల పెన్నులతో రాశాడు. ఎంత ముద్దుగా రాశాడో, చిన్నప్పుడు ఆ టీచరు దగ్గర ఇట్లా రాసుంటే డిగ్రీ చదివేవాడు.

"మూడు రకాలున్నాయి తాతా," అన్నాడు. "ఒకటి మెత్తది. బ్రేకు కొడితే రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. కానీ తొందరగా అరిగిపోతుంది. రెండోది గట్టిది, ఏళ్ళ తరబడి వస్తుంది, గుంతలో పడితే లోపలున్నవాళ్ళ నడుములు విరుగుతాయి. మూడోది చప్పుడే చేయదు. పక్కలు పలచన. మన రోడ్డు రాళ్ళకు తట్టుకుంటుందో లేదో."

"ఊఁ," అన్నాడు తాత. చేతిలో విల్లు ఆగలేదు.

"ఆదోని టైర్ల అంగడాయన మొదటిది అంటాడు. కర్నూలు ఆయన, మొదటిదా, వేసవిలోనా, నీకేమైనా పిచ్చా అంటాడు. ఫోనులో వీడియో పెట్టినాయన మూడోది బంగారం అన్నాడు. కింద నూరుమంది ఆయన్ను తిట్టారు. ఆ తిట్లన్నీ చదివితే రెండోది మంచిదనిపించింది. రెండోది కొన్న డ్రైవరును అడిగితే వాడు మొహం చిట్లించాడు."

నాకు నవ్వొచ్చింది. "మూడు చీటీలు రాసి ఒకటి తీయి అప్పా, పీడా పోతుంది," అన్నా.

పీరా నా వైపు చూసిన చూపుకు నోట్లో దారం పెట్టుకుని ఊరుకున్నా. వాడి కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఉసేనక్కా, నాకు తెలుసు అనుకున్నదే తప్పయితే ఏం చేయాలి?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. మా పక్క డ్రైవర్లకు ఒక అలవాటు ఉంది. ఎండలు ముదిరితే టైర్లలో గాలి కొంచెం తీసేస్తారు. వేడికి గాలి ఉబ్బుతుంది, నిండుగా ఉంటే పేలుతుంది, కాబట్టి తగ్గించాలని. పీరా వాళ్ళ నాయన లారీకి అట్లా చేసేవాడు. పీరా పదహారేళ్ళుగా ప్రతి వేసవిలో చేస్తున్నాడు. కార్ల స్టాండులో కొత్తగా బండి పట్టినవాళ్ళకు తనే నేర్పాడు. ఆ జీపు పేలినప్పుడు కూడా, గాలి తగ్గించలేదు కాబట్టి పేలిందని నలుగురిలో చెప్పాడు.

ఇరవై రెండు రోజుల కిందట ఆదోని అంగట్లో, అంగడాయన వంగి పాత టైరు చూసి, "గాలి తీసే అలవాటుందా నీకు?" అని అడిగాడట. ఎట్లా తెలిసిందయ్యా అంటే టైరు చూపించాడట. రెండు అంచులూ అరిగిపోయి, నడుమ మాత్రం గీతలు నిలిచున్నాయి. గాలి తక్కువైతే టైరు నలిగి నలిగి ఇంకా వేడెక్కుతుందని, పేలేది అట్లాంటివే ఎక్కువని ఆయన నెమ్మదిగా చెప్పాడట.

"పదహారేళ్ళు తాతా," అన్నాడు పీరా. "ఒక్క రోజు కూడా అనుమానం రాలేదు. ఇప్పుడు ఏది మంచిదని మనసుకు అనిపించినా, ఇదీ అట్లాంటిదేనేమో అని భయమేస్తుంది. మీరు చెప్పండి. మూడింటిలో ఏది? మీరు ఏది అంటే అది వేసేస్తా."

తాతకు సైకిలు తొక్కడం కూడా రాదు. నేను మనసులో అనుకున్నా, ఈయన్ను అడగడమేంటి, దర్జీని పోయి పన్ను పీకమన్నట్టు.

తాత నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో పేజీ తిప్పాడు. చదివాడో లేదో నాకు తెలీదు, ఆయన కళ్ళు అంతంత మాత్రం. మూసి పక్కన పెట్టి, ఒంటి మీద దూది దులుపుకుని లేచాడు.

"నన్ను ఆదోనికి తీసుకుపోతావా?" అన్నాడు.

పీరా మొహం విప్పారింది. తొమ్మిదేళ్ళలో తాత వాడిని ఏదీ అడగలేదు. "ఎప్పుడు తాతా?"

"ఇప్పుడే."

బయట మూడు గంటల ఎండ నిప్పులు చెరుగుతోంది. పీరా వాకిట్లో ఉన్న కారు వైపు చూశాడు, మళ్ళీ తాత వైపు చూశాడు. మొహంలో వెలుగు తగ్గింది.

"ఒక్క గంట ఆగండి తాతా. మా తమ్ముడి బండి తెస్తా."

"ఇది నడవదా?"

"నడుస్తుంది. కానీ ఈ ఎండలో వద్దు. వెనక ఎడమ టైరుకు అంచు అరిగి లోపలి ఇనుప తీగ బయటపడింది. మా తమ్ముడి బండికి పోయిన నెలే కొత్తవి వేయించాడు. దాంట్లో పోదాం."

"తీగ బయటపడితే ఏమవుతుంది?"

"ఏమవుతుందంటే..." పీరా ఆగాడు. "మీకు చెప్పలేను తాతా. మిమ్మల్ని దీంట్లో ఎక్కించుకోను. కావాలంటే తిట్టండి."

తాత తిట్టలేదు. చెప్పులు తొడుక్కుని కారు దగ్గరికి పోయాడు. వెనక ఎడమ తలుపు తెరిచి, పంచె సర్దుకుని లోపల కూర్చున్నాడు. పీరా వెనకే పరుగెత్తాడు. నేనూ సూది గుచ్చిపెట్టి లేచాను, ఏం జరుగుతుందో చూడొద్దా మరి.

సీటు మీద చిన్న దిండు ఒకటి ఉంది, పూల గుడ్డది. తాత దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎవరిదిది?"

"టీచరమ్మది," అన్నాడు పీరా. "సూదులు గుచ్చిన చెయ్యి దాని మీద పెట్టుకుంటుంది. కుదుపులకు నొప్పి పుట్టకుండా."

"ఈ పక్కే కూర్చుంటుందా?"

"ఆఁ. ఆ చెయ్యి కిటికీ వైపు ఉండాలని."

"నిన్న వచ్చిందా?"

"నిన్న గురువారం కదా తాతా. వచ్చింది."

తాత దిండు ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు, బండి ఎప్పుడు కదులుతుందా అన్నట్టు.

పీరా తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ రేకు ఎంత కాలుతోందో నాకు తెలుసు, చెయ్యి తీయలేదు.

"ఆమె కోసమే తాతా," అన్నాడు. "ఆమెకు మంచివి వేయాలనే కదా ఇన్నాళ్ళూ ఎంచుతున్నా."

"ఎంచినన్నాళ్ళూ ఆమె దేని మీద పోయింది?" అన్నాడు తాత.

నాకు ఆ క్షణం తాత మీద కోపమే వచ్చింది. ఉన్న బాధ చాలదా వాడికి, ఇది కూడా పెట్టాలా అనిపించింది. కానీ చీటీలు తీయమన్న నాకు కోపం చూపించే మొహం ఎక్కడుంది.

తాత దిగాడు. దిండును పీరా చేతిలో పెట్టి, షెడ్డులోకి వచ్చి విల్లు అందుకున్నాడు. పీరా నోటుబుక్కు కోసం లోపలికి రాలేదు. కారు స్టాండు వైపు నెమ్మదిగా, మనిషి నడిచేంత నెమ్మదిగా పోయింది.

మరుసటి రోజు శనివారం. తెల్లారి నేను షెడ్డు ముందర నీళ్ళు చల్లుతుంటే కారు వచ్చి ఆగింది. నాలుగు టైర్లూ కొత్తవి, నల్లగా మెరుస్తున్నాయి. ఇంకా రబ్బరు వాసన పోలేదు. నాకు ఆత్రం ఆగలేదు.

"ఏవి వేసినావప్పా చివరికి?"

"మన ఊరి అంగట్లో ఉన్నవి. మెత్తవి," అన్నాడు. "నిన్న సాయంత్రానికి అవే దొరికాయి."

"అవే మంచివా?"

"ఏమో అక్కా. అంగట్లో నుంచి వచ్చినప్పటి నుంచి గట్టివే వేయాల్సిందేమో అని మనసు పీకుతూనే ఉంది."

రాత్రి పడుకున్నట్టు లేడు. తాత మొహం కడుక్కుని తుండుగుడ్డతో తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. పీరా దిగి ఆయన ముందర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తాతా, ఇవి సరైనవేనా?"

తాత టైర్ల వైపు చూడలేదు. తూర్పున ఎంత పొద్దెక్కిందో చూశాడు.

"నాకేం తెలుసు నాయనా," అన్నాడు. "టీచరమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని నీ కోసం చూస్తుంటుంది. పో."